మసిపూసి మారేడుకాయ

ఏటా ఆగస్టు 9 దగ్గరపడుతుంటే మన ఏజెన్సీ బడుల్లో, వేడుకల మైదానాల్లో ఒక తంతు నడుస్తుంది. పిల్లల్ని వరసలో నిలబెట్టి నడుముకి ఆకులు కడతారు. తలకి ఈకలు గుచ్చుతారు. చేతికి వెదురు బల్లేలు ఇస్తారు. ఆఖరున బొగ్గుపొడో, నల్లటి పౌడరో నూనెలో కలిపి ఒంటికి పట్టిస్తారు. పట్టించేది చాలాసార్లు మైదానం నుంచి వచ్చిన డ్యాన్సు మాస్టరు, కొన్నిసార్లు మనమే. ఆ వరసలో నిలబడ్డ పిల్లలు పుట్టింది కోయ ఇంట్లో, కొండరెడ్డి ఇంట్లో. అంటే ఆదివాసీ పిల్లకే ఆదివాసీ వేషం వేస్తున్నామన్నమాట. పిల్లకి పుట్టుకతో వచ్చిన రంగు, ముఖం ఆ వేషానికి చాల్లేదు.

ఆ తేదీ ఎందుకొచ్చిందో కూడా పిల్లలకి చెప్పం. 1982లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల గురించి ఒక కార్యబృందం మొదటిసారి కూర్చున్న రోజది. 1994లో దాన్ని ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. హక్కుల మాట కోసం పెట్టిన రోజున మనం మసి డబ్బా తీస్తున్నాం.

తెలుగులో ఒక సామెత ఉంది, మసిపూసి మారేడుకాయ చేయడమని. లేనిదాన్ని ఉన్నట్టు చూపించి ఎదుటివాణ్ని నమ్మించడం. మారేడు చెట్టు పేరు మోస్తున్న ఊరు మాకు దగ్గరలోనే ఉంది, మారేడుమిల్లి. ఆ ఊరి అడవిలో సినిమావాళ్లు చేసిన పని చూశాక ఈ సామెత మా కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు అసలు ఆట ఎలా ఉంటుందో చెప్పాలి. కోయల కొమ్ము ఆట చూసినవాళ్లకి తెలుసు. మగవాళ్లు తలకి అడవిదున్న కొమ్ముల కిరీటం, దానికి నెమలి ఈకలు, ఒంటిమీద బట్టలు, భుజాన వేలాడే పెద్ద డోలు. పెళ్లిలోనో పండగలోనో రెండు కొమ్ములు ఎదురెదురుగా వంగి ఢీ కొట్టుకుంటుంటే చుట్టూ ఆడవాళ్లు చేతులు పట్టుకుని రేల పాట అందుకుంటారు. ఆ కొమ్ములు ఇంటి పెద్ద దాచుకునే వస్తువు, తాత నుంచి మనవడికి వచ్చేది. అందులో ఆకుల లంగా లేదు. మసి లేదు. అరుపులు లేవు. రాగం ఉంది, తాళం ఉంది, పెద్దాచిన్నా వరస ఉంది. అంత ఆట చేతిలో ఉన్నవాళ్ల పిల్లలకి ఎవరో ఊహించిన అడవి మనిషి వేషం కడుతున్నామంటే, ఆ ఊహ ఎక్కణ్నుంచి వచ్చిందో వెతకాలి కదా.

నాకు తోచినంతలో అది మూడు దారుల్లో వచ్చింది.

ఒకటి బజారు దారి. రాజమండ్రి, తణుకు, భీమవరం లాంటి ఊళ్లలో నెమలి ఈకల కిరీటం పెట్టుకుని, పూసల దండలు వేసుకుని, వేళ్లూ మూలికలూ పరుచుకుని కూర్చునే మనుషుల్ని మీరు చూసే ఉంటారు. జాతకం చెబుతారు, మొండి జబ్బులకి మందిస్తారు. జనం వాళ్లని కోయదొర అంటారు. గూడెంలో కోయవాడికి ఆ వేషమూ తెలియదు, ఆ యాసా రాదు. బతుకుతెరువు కోసం కట్టుకున్న వేషం అది, వాళ్ల పొట్ట మీద కొట్టాలని నాకు లేదు. కానీ డెల్టాలో పుట్టి పెరిగిన మనిషికి కోయ అన్న మాట వినగానే కళ్లముందుకు వచ్చేది ఆ కిరీటమే. అక్కడి నుంచి అది సినిమా హాస్యంలోకి ఎక్కింది. ముక్కుతో మాట్లాడే తెలుగు, మధ్యలో అర్థంలేని కూతలు, హీరో చెంప మీద కొడితే పారిపోయే కోయదొర. మా కుర్రాడు కాలేజీలో చేరి తన కులం చెప్పిన రోజున తోటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న, 'చెయ్యి చూసి జాతకం చెప్పరా' అని.

రెండోది పుస్తకాల దారి. ఇది పాతది, దొరల కాలం నాటిది. ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆయన 1885 నుంచి మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకి అధిపతిగా ఉన్నాడు. 1909లో దక్షిణ భారతంలోని కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చువేశాడు. కోయలూ కొండరెడ్లూ అందులో ఉన్నారు. ఆయన కొలత పరికరాలు పట్టుకుని మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. ముక్కు వెడల్పుని ఎత్తుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే అంకెకి ఒక పేరు పెట్టారు, నాసికా సూచిక అని. 1901 జనాభా లెక్కలకి అధికారిగా ఉన్న హెర్బర్ట్ రిస్లీ ఇంకో అడుగు ముందుకేసి, ముక్కు ఎంత వెడల్పయితే సంఘంలో మెట్టు అంత కిందికి దిగుతుందని సూత్రం కట్టాడు. లెక్కల మాస్టరుగా చెబుతున్నాను, భాగహారం తప్పు లేకుండా చేసినంత మాత్రాన మాట నిజమైపోదు.

థర్‌స్టన్ ముందుమాటలో ఒక సంగతి ఉంది. వయనాడు అడవుల్లో పణియ ఆడవాళ్లు ఆయన్ని చూసి పరుగెత్తారట. తమలో బాగున్నవాళ్లని పట్టుకెళ్లి, లోపల గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని భయపడ్డారట. ఆయన ఇది వేళాకోళంగా రాసి, అలా చేయగలిగితే ఎంత బాగుండు అన్నట్టు ఒక నిట్టూర్పు కూడా వదిలాడు. చదివినవాళ్లకి అది నవ్వు. నాకు మాత్రం ఆ ఆడవాళ్లకి ఆయన పని సరిగ్గానే అర్థమైందనిపించింది. చచ్చినట్టు నిలబడితే బొమ్మగా పనికొస్తారు, బతికి పరుగెత్తితే అనాగరికులు.

స్వతంత్రం వచ్చాక ఈ ముక్కుల లెక్క పోయింది. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగని గుర్తుపట్టే లక్షణాలు చెప్పినప్పుడు అందులో రంగు లేదు, ముక్కు లేదు, జుట్టు లేదు. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా ఉండడం, బయటివాళ్లతో కలవడానికి బెరుకు, వెనుకబాటు, ఇవి ఐదూ ఉన్నాయి. బెరుకు ఒక తెగ లక్షణం ఎలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బజారుకి వెళ్తే ముఖం చూసి నవ్వితే ఎవరికైనా బెరుకు పుడుతుంది. నవ్వినవాణ్ని వదిలేసి, బెదిరినవాడి లక్షణంగా దాన్ని రాసుకున్నారు. అయినా కాగితం మీద ముఖం ప్రస్తావన లేనందుకు సంతోషించాలి. కాగితం బయట మాత్రం ముఖమే సర్టిఫికెట్. మాలో కాస్త రంగున్న కుర్రాడు ప్యాంటు ఇన్‌షర్టు చేసుకుని వెళ్తే, 'నువ్వు ఎస్టీలా లేవే' అంటారు. నల్లగా ఉన్నవాడు వెళ్తే, 'చూస్తేనే తెలుస్తోందిలే' అంటారు. ఈ రెండు మాటలూ వేరు కావు, ఆదివాసికి ఒక నమూనా ముఖం ఉంటుందన్న నమ్మకం నుంచి పుట్టినవే.

ఆ నమూనాని ఇంటింటికీ చేర్చింది సినిమా. అది మూడో దారి, అన్నిటికన్నా వెడల్పయింది.

2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. కథ శేషాచలం ఎర్రచందనానిది, చూపించిన అడవిలో చాలా భాగం మా మారేడుమిల్లిది. సినిమా తీసిన సుకుమార్‌ది రాజోలు దగ్గర మట్టపర్రు, గోదావరి మనిషే. హీరో అల్లు అర్జున్ ఒంటి రంగు ముదురు చేసే మేకప్ వేసుకుని నటించారు, హీరోయిన్‌కీ అదే. ఆ నటనకి 2023లో జాతీయ ఉత్తమ నటుడు అవార్డు ప్రకటించారు, తెలుగు హీరోల్లో ఇదే మొదటిసారి. న్యాయంగా మాట్లాడాలంటే ఈ సినిమా ఒక మేలు చేసింది. మాసిన లుంగీ, చింపిరి జుట్టు, నల్లటి ఒళ్లు ఉన్న కూలీ కాలు మీద కాలేసుకుని కూర్చోవడాన్ని జనం ఈలలేసి ఒప్పుకున్నారు. మా బడిలో మగపిల్లలు నెలల తరబడి ఒక భుజం ఎత్తి నడిచారు. ఆ నడకలో వాళ్లకి దొరికిన ధీమాని నేను తక్కువ చేయను.

కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ రంగుతోనే పుట్టిన మనిషికి ఆ వేషం ఎందుకు దొరకదు? మారేడుమిల్లి చుట్టుపక్కల గూడేల్లో షూటింగు జరిగినప్పుడు మనవాళ్లకి దొరికేది మోత పని, వంట పని, గుంపులో నిలబడే పని. నల్లరంగు వేసుకోవడానికి తెల్లవాడు కావాలి, నల్లగా పుట్టినవాడు సామాను మోయాలి. వేసుకున్నవాడు సాయంత్రం కడిగేసుకుంటాడు. మోసినవాడు ఆ రంగుతోనే బస్సెక్కి ఇంటికొస్తాడు. అమెరికాలో 1830ల్లో థామస్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి నలుపు పూసుకుని 'జిమ్ క్రో' అనే పేరుతో ఆడి పాడి ఊరూరా పేరు సంపాదించాడు. తర్వాత నల్లవాళ్లని బడి నుంచి, బండి నుంచి వేరుచేసిన చట్టాలకి ఆ వేషం పేరే స్థిరపడింది. మన దగ్గర ఉద్దేశం అలాంటిది కాదని నాకూ తెలుసు. పుష్పరాజుని వెక్కిరించడానికి ఆ రంగు వేయలేదు. ఉద్దేశం మంచిదైనా కూలి లెక్క మాత్రం మారలేదు.

'ఆర్ఆర్ఆర్' సంగతి ఇంకా విచిత్రం. 2022లో వచ్చిన ఆ సినిమాలో కొమురం భీము ఢిల్లీలో అక్తర్ అనే పేరుతో దాక్కుంటాడు. పేరు మార్చాడు, టోపీ పెట్టాడు, మెకానిక్ పని చేశాడు. గోండు కోసం ఊరంతా గాలిస్తున్న పోలీసు అతనితోనే స్నేహం చేసి, పక్కపక్కనే తిరిగి కూడా పట్టుకోలేకపోయాడు. ఎందుకు? ముఖం మీద తెగ పేరు రాసి ఉండదు కాబట్టి. తెలిసో తెలియకో మన సినిమా చెప్పిన పెద్ద నిజం ఇదేనని నా అభిప్రాయం. అదే సినిమా చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే భీముడు చదువు కావాలంటాడు. భీము చదవడం రాయడం నేర్చుకున్న మనిషేనని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతూ వచ్చారు. ముఖం దగ్గర తప్పించుకున్న పాత నమూనా, బుద్ధి దగ్గర మళ్లీ దూరింది. అడవివాడికి బలం ఉంటుంది, తెలివి పక్కవాడు ఇవ్వాలి.

మన్యం పితూరీ కథలోనూ ఇదే వరస. 2022 జులై 4న భీమవరంలో అల్లూరి సీతారామరాజు ముప్పై అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. ఆయన త్యాగం గురించి ఎవరికీ అనుమానం లేదు. గాం గంటందొర, గాం మల్లుదొర ఎలా ఉండేవారో డెల్టాలో ఎంతమందికి తెలుసు? పక్కన విల్లు పట్టుకుని నిలబడ్డ గుంపులో వాళ్ల ముఖాలు కలిసిపోయాయి.

ఇక 'కలర్ ఫొటో'. 2020 అక్టోబరులో వచ్చింది, సందీప్ రాజ్ తీశారు, జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు అందుకుంది. బందరులో నల్లగా ఉండే ఒక ఇంజినీరింగు కుర్రాడు తెల్లటి అమ్మాయిని ప్రేమిస్తాడు. సుహాస్ నటన చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. రంగునే కథకి పేరుగా, విషయంగా పెట్టుకునే ధైర్యం తెలుగు సినిమా అంతకుముందు ఇంతగా చేయలేదు. అయితే నాకు ఒక వెలితి కనిపించింది. కులం మాట పక్కన పెట్టి రంగుని ఒంటరిగా నిలబెట్టారు. ఒక మనిషికి నలుపంటే గిట్టదు, ఇంకో మనిషికి గిట్టుతుంది, అన్నట్టు నడుస్తుంది. మన దగ్గర రంగు ఎప్పుడూ ఒంటరిగా రాదు. పెద్ద కులంలో నల్లగా పుట్టినవాడు 'కృష్ణుడి రంగు' అవుతాడు. నలుపు నారాయణ మెచ్చు అన్న సామెత వాడి కోసమే అట్టేపెట్టారు. అదే రంగుతో గూడెంలో పుట్టినవాడు 'అడవి మొహం' అవుతాడు. నలుపు ఒకటే, వెనకున్న భూమి పట్టా వేరు.

డెల్టాలో రంగు ఒక లెక్క. సంబంధం మాట్లాడేచోట అమ్మాయి చదువు, పొలం, కట్నం పక్కనే రంగు కూడా పీట వేసుకుని కూర్చుంటుంది. 'పిల్ల కాస్త రంగు తక్కువండీ' అన్న మాట పడితే అవతల లాంఛనాలు పెరుగుతాయి. తెలుపు అని నోటితో అనలేక 'మంచి రంగు' అంటారు. మంచి రంగంటే ఏదో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నడుం వంచి నాట్లు వేసే మనిషి ఎండకి నల్లబడుతుంది, పొలం గలవాళ్ల ఇంటి ఆడవాళ్లు నీడన ఉంటారు. రంగు మీద గీశామనుకుంటున్న గీతలో సగం నిజానికి పని మీద గీసినది.

ఆ గీత ఏజెన్సీ ఎక్కి మా సంతల దాకా వచ్చింది. చింతపండు, కొండచీపుళ్లు అమ్మిన డబ్బుతో ఆడపిల్లలు కొనుక్కునేవాటిలో తెల్లబరిచే క్రీము ప్యాకెట్టు ఒకటి. 1975 నుంచి దేశమంతా అమ్ముడైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. నల్లగా ఉన్నవాళ్లని తక్కువ చేసి చూపే ప్రకటనలు వేయకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. 'కమ్లి' సినిమాలో లంబాడీ తల్లిగా నటించిన నందితా దాస్ లాంటివాళ్లు నలుపు కూడా అందమేనని ప్రచారం చేశారు. ఇవన్నీ మంచివే. కొట్టువాడు మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే అందిస్తాడు, పిల్లలూ పాత ఆశతోనే కొంటారు.

మనలో మనం కూడా మాట్లాడుకోవాలి. మన పెళ్లిళ్లలో ఓలి ఉండేది, పిల్లవాడి వైపు వాళ్లు ఇచ్చేవాళ్లు. అది గొప్ప ఆచారమని నేను వాదించను. అయితే అక్కడ లెక్క కట్టింది పిల్ల చేతి పనిని, ఆమె వెళ్లిపోతే పుట్టింటికి కలిగే లోటుని. ఇప్పుడు ఉద్యోగాలున్న మన కుటుంబాల్లో కూడా 'తెల్లపిల్ల ఉంటే చూడండి' అంటున్నారు. నుదుట, చేతుల మీద పచ్చబొట్లున్న అమ్మమ్మని ఫోటోలో చివరికి జరుపుతున్నారు. పోలవరం ముంపు గ్రామాల నుంచి కాలనీలకి వచ్చిన పిల్లలు మైదానం బళ్లలో చేరాక మొదట మానేస్తున్నది కోయ మాట. రెండోది అమ్మమ్మని బడి గేటు దాకా రానివ్వడం.

నేను ఉపాధ్యాయ శిక్షణ చదివింది డెల్టాలోని ఒక ఊళ్లో. వార్షికోత్సవానికి నాటకం వేస్తూ వేషాలు పంచారు. నన్ను డైలాగు చదవమని ఎవరూ అడగలేదు. 'నువ్వు భటుడివి, నీకు మేకప్ ఖర్చు కూడా లేదు' అన్నారు. అందరూ నవ్వారు, అన్నాయనకి నేనంటే ఇష్టమే. ఆయన నాకు పుస్తకాలు ఇచ్చాడు, ఫీజు కట్టడానికి సాయం చేశాడు. అందుకే ఈ విషయం మాట్లాడటం కష్టం. కొట్టినవాడి మీద కేసు పెట్టొచ్చు. ప్రేమగా నవ్వినవాణ్ని ఏమనాలి?

చట్టం సంగతి కూడా చూడండి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్‌లో, ఎస్సీ ఎస్టీ మనిషిని ముఖానికో ఒంటికో రంగు పూసి ఊరేగించడం నేరమని రాసి ఉంది. 2015 సవరణ తర్వాత కూడా బలవంతంగా ముఖానికి రంగు పూయడం, గుండు గీయడం, మీసం తీయించడం ఆ జాబితాలో ఉన్నాయి. ఊళ్లలో జరిగిన అవమానాలు చూసి రాసిన మాటలవి. ఇప్పుడు మళ్లీ మన ఆగస్టు 9 స్టేజీని చూడండి. అక్కడ బలవంతం లేదు, చప్పట్లున్నాయి, కాబట్టి నేరం కాదు. ఏ పనిని అవమానమని చట్టంలో రాయించుకున్నామో అదే పని మన పిల్లలకి మన చేత్తో చేసి బహుమతి ఇస్తున్నాం.

ఒక రోజు మూడో తరగతికి ఇంటివాళ్ల బొమ్మలు గీయమని చెప్పాను. రంగు పెన్సిళ్ల డబ్బాలో లేత గులాబీలాంటి ఒక రంగు ఉంటుంది. దాన్ని పిల్లలందరూ 'స్కిన్ కలర్' అంటారు. ఒక కొండరెడ్డి పాప అమ్మ చీరకి, పూలకి, ఇంటికి అన్నిటికీ రంగేసి ముఖాలు మాత్రం తెల్లకాగితంలా వదిలేసింది. ఎందుకమ్మా అంటే, 'స్కిన్ కలర్ అయిపోయింది మాస్టారూ' అంది. గోధుమరంగు పెన్సిలు తీసి ఇచ్చాను. 'ఇది మట్టి కలర్ కదా మాస్టారూ' అని వెనక్కి ఇచ్చేసింది. ఆ పాపకి తన చెయ్యి కనబడుతోంది, డబ్బా మీద మాట కూడా కనబడుతోంది. ఆమె మాటనే నమ్మింది.

అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు 1940ల్లో పిల్లల ముందు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి మంచిది ఏదని అడిగారు. నల్ల పిల్లల్లో ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. బళ్లలో తెల్లా నల్లా వేరుచేయడం చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు ఆ పరిశోధనని ప్రస్తావించింది. పెన్సిలు డబ్బా చిన్న విషయం అనుకునేవాళ్ల కోసం ఇది చెబుతున్నాను. పిల్లల చేతిలో బొమ్మ ఒక దేశం చట్టాన్ని కదిపింది.

మా తరగతిలో ఆ తర్వాత 'స్కిన్ కలర్' అనే పేరు తీసేశాం. పిల్లలే గోధుమరంగు మీద నలుపు, ఎరుపు, పసుపు రుద్ది తమ చేతి పక్కన పెట్టి చూసుకుని, వచ్చిన రంగులకి కోయలోనూ తెలుగులోనూ పేర్లు పెట్టారు. ఇప్పపువ్వు, తేనె, జీలుగు బెల్లం, తడిసిన బండ. ఒకే ఇంట్లో అన్నకీ చెల్లికీ వేర్వేరు పేర్లు వచ్చాయి. నమూనా ముఖం అనేది లేదని వాళ్లకి నేను పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

అసలు గురువుల సంగతి ఇక్కడే వస్తుంది. షెడ్యూల్డు ప్రాంతం బళ్లలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో వచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ తీర్పులో ఒక మాట ఉంది. ఆదివాసులు జంతు ప్రదర్శనశాల కారని, డ్యాన్సులు చూసి ఆనందించడానికి ఉన్నవాళ్లు కారని న్యాయమూర్తులు అన్నారు. ఎంత మంచి మాట! నేను ఈ వ్యాసంలో ఇంతసేపూ చెబుతున్నది అదే. కానీ అదే తీర్పు, గూడెం పిల్ల తన ముఖం లాంటి ముఖం నల్లబల్ల దగ్గర చూసే అవకాశానికి ఉన్న ఒకే ఒక్క హామీని తీసేసింది. బడిలో కోయ మాస్టారు ఉంటే డ్యాన్సు మాస్టరు మసి డబ్బా తీసినప్పుడు అడ్డం చెప్పే మనిషి ఒకడు ఉన్నట్టు. మైదానం నుంచి వచ్చే టీచర్లందరూ చెడ్డవాళ్లని నేననను, పిల్లల కోసం ప్రాణం పెట్టేవాళ్లని చూశాను. వాళ్లకి ఆ మసి తప్పుగా కనబడదు, అంతే.

అందుకని నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఉపాధ్యాయ శిక్షణలో బాల మనస్తత్వ శాస్త్రం అని ఒక పేపరు చదువుతాం. పిల్లలు ఒకరినొకరు ఏ పేర్లతో పిలుస్తారో, బొగ్గు, కోతి, కొండోడు లాంటి మాట తరగతిలో పడ్డప్పుడు టీచరు ఏం చేయాలో ఆ పేపరులో ఒక్క పేజీ లేదు. ఆ పేజీ రాయండి. రాసేటప్పుడు ఆ మాటలు పడ్డవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. కోయ, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో పిల్లలకి వాచకాలు తెచ్చిన రాష్ట్రం మనది, ఇది చేయలేనిది కాదు. వేమన్న ఎలుక తోలు పద్యం చెప్పినప్పుడు వెనక బెంచీ నల్లపిల్లవాడి వైపు తరగతంతా తిరిగి చూస్తుంది. పద్యాన్ని తీసేయమనను. ఆ చూపు సంగతి ముందే తెలిసి పాఠం చెప్పమంటాను.

సినిమావాళ్లకి మా అడవి కావాలి, మాకు వాళ్లిచ్చే కూలి కావాలి. మారేడుమిల్లిలో యూనిట్ దిగినప్పుడు మన పెద్దలు ఇప్పటిదాకా అడుగుతున్నది రోజుకి ఎంత, భోజనం ఉందా అని. ఇంకో రెండు ప్రశ్నలు కలపాలి. ఈ కథలో ఆదివాసీ ఉన్నాడా? ఉంటే ఆ వేషం ఎవరు వేస్తున్నారు? గ్రామసభకి 1996 పెసా చట్టం చాలా విషయాల్లో నోరిచ్చింది, ఈ మాట అడగడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. సినిమాని ఆపమని నేను చెప్పడం లేదు. మన కుర్రాళ్లలో డైలాగు చెప్పగలిగినవాళ్లు పాతికమంది పేర్లు రాసి యూనిట్ మేనేజరు చేతిలో పెట్టమంటున్నాను.

స్టేజీ మాత్రం మన చేతిలో ఉన్న పని. ఈ ఏడాది మా బడి పిల్లలు కొమ్ము ఆట నేర్చుకుంటున్నారు. కొమ్ములు ఇచ్చేందుకు గూడెం పెద్ద మొదట ఒప్పుకోలేదు, స్టేజీ మీద ఆడే ఆట కాదన్నాడు. ఆయన అన్నది నిజమే కాబట్టి వేదిక ఎక్కకుండా బడి ముందు చింతచెట్టు కింద ఆడేలా మాట్లాడుకున్నాం. డోలు ఆయనే కొడతానన్నాడు. ఒంటికి ఏం పూయాలి అని ఒక పిల్లవాడు అడిగితే, చెమట వస్తుంది చాల్లే అన్నాడట.